నలుగురితోడి బ్రదుకు

మన తెలుగున సంఖ్యావాచకములు కొన్ని లెక్కను విడిచి లోకమును జెప్పుచుండును. ‘నలుగురు’ అను మాట యట్టిది. నలుగురు నడచిన త్రోవ యనునపుడును, నలుగురిలో తలవంపు లనునపుడును మనము తలలను లెక్కింపము. చుట్టము, పక్కము, ఇరుగు, పొరుగు, ఊరు, వాడ అన్నియు ఆ యొక్క మాటలో నిమిడియుండును. నలుగురితో చావు పెండ్లితో సమానమని సామెత. చావునకైనను భయపడనక్కరలేదు గాని ఒంటిగా జచ్చుటకు భయపడవలెనని దాని తాత్పర్యము. ఈ నలుగురు మన సీమలో పూర్వ మెట్లు కూడియుండిరో, ఎందువలన చెదరిరో, మరల నెట్లు కూడగలరో నేడు చరిత్ర యాధారముగా మీకు విన్నవింప దలచితిని.

ఈ విషయము నెన్నుకొనుటకు గారణ మొకటి కలదు. మాది నందిగామ, జగ్గయ్యపేటల నడుమనున్న మెట్టసీమ. 2022వ సంవత్సరము వరకు కృష్ణాజిల్లాలోనిదై, ఆ యేటి ఏప్రిలు నెలనుండి ఎన్టీఆర్ జిల్లాలో జేరినది. మా వీధిలో ఒక వృద్ధురాలు కలదు. పెద్ద మండువా యిల్లు. గదులు ఆరు, అందు నాలుగింటికి తాళములు. పెద్దకుమారుడు హైదరాబాదులోను, చిన్నవాడు అమెరికాలోను ఉద్యోగములు చేయుచున్నారు. వారు చెడ్డవారు గారు. దినదినమును టెలిఫోనులో పలుకరింతురు. నెలనెలను సొమ్ము పంపుదురు. గడచిన సంక్రాంతినాడు నేను వీధివెంట బోవుచుండగా ఆమె పిలిచి, విస్తరిముక్కలో రెండు అరిసెలు పెట్టి యిచ్చి, “మాటలకేం కొదవ లేదు పంతులుగారూ, పిల్లలు రోజూ ఫోను చేస్తూనే ఉన్నారు. అరిసెలు వండితే ఎవరి చేతిలో పెట్టను? అదే తోచటం లేదు. మీరూ ఈ మధ్య ఇటు రావటం మానేశారు గదా?” అనెను.

ఆమె పుత్రులనుగూర్చి పలికిన మాటకంటె నన్నుగూర్చి పలికిన కడపటి మాట నాకు ములుకువలె నాటినది. మా యింటికి ఆ యింటికి నడుమ మూడే వాకిళ్ళు. నేను ఆ గడప ద్రొక్కి యప్పటికి ఏడు నెలలైనది. కలహము లేదు, కారణము లేదు. పోవలసిన పని యేదియు లేకపోయెను, కావున పోనైతిని. ఈ ‘పని లేకపోవుట’ యను స్వల్ప విషయమే నేటి ప్రసంగమునకు బీజము.

ముందుగా రెండు పదములను వేరుచేసి చూపవలెను. ఏకాంతము వేరు, ఏకాకిత్వము వేరు. ఏకాంతము మనము కోరి పొందునది. మునికి తపస్సునకును, కవికి కావ్యమునకును, విద్యార్థికి పఠనమునకును అది యావశ్యకము. ఏకాకిత్వము కోరనిది, తనంతట వచ్చి పైబడునది. సృష్ట్యాదిని ఒంటరిగానున్న పురుషుడు తొలుత భయపడెననియు, పిమ్మట భయము తీరినను సంతోషము లేక రెండవవానిని గోరెననియు బృహదారణ్యకోపనిషత్తు తెలుపుచున్నది. ఒంటరితనమువలని భయమును వివేకముచే పోగొట్టుకొనవచ్చును గాని, తోడులేని కొరతను వివేకము తీర్చజాలదని మనవారు ఎన్నడో గ్రహించిరి.

నేడు ఈ కొరతను లోకమంతయు గుర్తించుచున్నది. ఇంగ్లండు ప్రభుత్వమువారు 2018లో ఈ ఒంటరితనపు బాధ్యతను ఒక మంత్రి కప్పగించిరి. జపానువారు 2021లో అట్లే చేసిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2025వ సంవత్సరము జూను నెలలో ప్రకటించిన నివేదికనుబట్టి లోకములో ఆరుగురిలో ఒకరు ఈ బాధకు లోనైయున్నారు; ఏటేట 8,71,000 మరణములకు మించి దీనితో సంబంధము కలిగియున్నవి. ఇది ముదుసలుల వ్యాధి యని మనము తలతుము. ఆ నివేదిక యట్లు చెప్పుటలేదు. పదుమూడేండ్లు మొదలు ఇరువదితొమ్మిదేండ్ల వరకు గల యువజనులలోను నూటికి పదునేడుగురు మొదలు ఇరువదియొక్కరి వరకు తాము ఒంటరులమని చెప్పుకొనిరి. తాళము వేసిన గదిలోని తల్లియు, పట్టణమున అద్దెగదిలోని మనుమడును ఒక్క వ్యాధికే గురియగుచున్నారు.

ఇక మన సీమ చరిత్రకు వత్తము. జగ్గయ్యపేటకు చేరువను ధనంబోడు అను చిన్న గుట్ట యున్నది. 1882లో జేమ్స్ బర్జెస్ దొర అచట త్రవ్వించి బౌద్ధస్తూపమును వెలికిదీసెను. అచట దొరకిన స్తంభములపై ప్రాకృతభాషలో శాసనములు గలవు. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని ఇరువదియవ రాజ్యసంవత్సరమున, అనగా క్రీస్తు తరువాత మూడవ శతాబ్దమున, అవి చెక్కబడినవి. దాత రాజు గాడు, మంత్రి గాడు. సిద్ధార్థుడను ఒక శిల్పి. అతడు వెలగిరిలోని మహాచైత్యమునకు తూర్పు ద్వారమున ఐదు ఆయకస్తంభములు నిలిపెను.

ఆ శాసనములో నన్ను మిక్కిలిగా నాకర్షించునది దానము గాదు, దాత తన్నుగూర్చి చెప్పుకొన్న విధము. అతని తండ్రి నాకచందుడు, అతడును శిల్పియే. స్వగ్రామము కమ్మరాష్ట్రములోని నడతూరు. కాపురము వేరొక గ్రామమున. అనగా ఇతడును నేటి మన పిల్లలవలెనే పుట్టిన యూరు విడిచి బ్రదుకుదెరువునకై వేరుచోట నివసించినవాడే! ఐనను స్తంభము నిలుపునపుడు తానొక్కడే నిలువలేదు. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాగబుధనిక, తమ్ముడు బుధినకుడు, మరదలు కనిక, తమ్ముని కొడుకులు నాగసిరి, చందసిరి, తమ్ముని కూతురు సిద్ధార్థనిక — ఇందరి పేర్లను వ్రాయించి, జ్ఞాతులు, మిత్రులు, సంబంధులు అందరితోగూడి సర్వప్రాణుల హితసుఖములకై దీని నిచ్చితినని ముగించెను. తమ్ముని కూతురు పేరు సిద్ధార్థనిక యగుట గమనింపుడు. ఆ పాపకు పెదతండ్రి పేరే పెట్టిరి కాబోలు. పదునేడు వందల యేండ్ల క్రిందట మన మెట్టలో ఒక శ్రామికుడు ‘నేను’ అని చెప్పుకొనుటకు పదిమంది పేర్లు కావలసివచ్చినవి. నేడు మనము మన పేరు వ్రాయుటకు ఒక సంఖ్య చాలును.

ఐతే పూర్వుల కూటమి కేవలము ప్రేమవలననే నిలిచినదని చెప్పుట చరిత్రకు విరుద్ధము. అది యవసరమువలన నిలిచినది. మా మెట్టసీమ సంగతినే చూడుడు. 1855లో విజయవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియై దిగువ డెల్టాకు కాలువనీరు పారినది. ఎగువనున్న నందిగామ, జగ్గయ్యపేటలకు ఆ భాగ్యము పట్టలేదు. వానయు, చెరువును, బావియునే మాకు దిక్కు. చెరువునకు కట్ట యున్నది; కట్టకు గండిపడిన నొక్కని పొలము మాత్రమే యెండదు, అందరి పొలములును ఎండును. కావున వేసవిలో ఇంటికొక మనిషి పలుగు, తట్ట పట్టుకొని కట్టమీదికి బోవలెను. ముందటి దినమున పోట్లాడుకొన్నవారును మరునాడు ఒకే గండిలో మట్టి పోయవలెను. ఇట్లే కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగు పన్నిద్దరు ఆయగాండ్రు ఏడాది పొడవున ఊరికి బనిచేసి, కళ్ళములో మేర గొలిపించుకొనెడివారు. ఇల్లు కప్పుటకును, పెండ్లి చేయుటకును, పాడె మోయుటకును నలుగురు కావలెను. ఎవడును ఎవనిని విడిచి బ్రదుకజాలడు. కావున ఎవడును ఎవనిని విడువలేదు.

ఈ కూటమికి చీకటిముఖము గూడ కలదు. దానిని దాచి పూర్వకాలమును పొగడుట పంతులకు తగదు. చెరువు త్రవ్విన చేతులలో కొన్నింటికి ఊరబావి చేద ముట్టు హక్కు లేకుండెను. ఊరు ఒక చెంత, వెలివాడ మరియొక చెంత. బాలవితంతువు నలుగురిలో నున్నను నలుగురిలోనిది గాకుండెను. అంతేగాదు, కట్టుబాటు మీరినవానికి గ్రామము విధించు కఠినశిక్ష ‘వెలి’. నిప్పు, నీరు ఇయ్యకుండుట, పలుకరింపకుండుట. అనగా మనవారికి ఏకాకిత్వము తెలియకపోలేదు. బాగుగా తెలిసియే దానిని దండముగా వాడిరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపినప్పుడు ఆయనయు, ఆయనతోడివారును ఈ వెలినే యెదుర్కొనిరి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క గౌరవము కలదను ఈ భావమునే నేడు వ్యక్తివాదమని మనము నిందించుచున్నాము. అది లేకున్న ఎందరి కన్నీళ్ళు నేటికిని తుడువబడకయే యుండెడివో తలచుకొనవలెను.

మరి పూర్వబంధములు ఎట్లు సడలినవి? ఒక్కదినమున గాదు, ఒక్కొక్క ముడియే వీడినది. 1858లో చెన్నపురి రాజధానికై చెరువుకట్టల మరమ్మతునకు గ్రామస్థులు నిర్బంధముగా పనిచేయవలెనని చట్టము వచ్చినది. ఆచారము బలముగానున్న చోట చట్టముతో బనిలేదు. చట్టము పుట్టినదనగా ఆచారమునకు బలము తగ్గినదని యర్థము. ఉమ్మడికుటుంబము సంగతియు నిట్టిదే. కుటుంబపు ధనముతో చదువుకొన్నవాని జీతము కుటుంబమున కంతటికి చెందునని 1921లో ప్రీవీ కౌన్సిలువారు తీర్పు చెప్పిరి. 1930లో విద్యార్జిత ధనమును గూర్చిన చట్టము వచ్చి, చదువుచే సంపాదించిన సొమ్ము సంపాదించినవానిదే యని తేల్చినది. ఇది న్యాయమే. కాని చదువుకొన్నవానికిని, దున్నుకొనువానికిని నడుమనున్న ఒక ముడి యపుడు వీడినది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ మా మెట్టకును నీరు దెచ్చినది. ఎంత మేలు! కరవుభూములలో వరియు, ప్రత్తియు, మిరపయు పండినవి. ఐనను నీరు చెరువునుండి గాక కార్యాలయమునుండి వచ్చుటచే, పొరుగువానితో గట్టుమీద బని లేకపోయెను. 1997లో ప్రభుత్వము చట్టముచే నీటివినియోగదారుల సంఘములను ఏర్పరచినది. ఆచారముచే సహజముగా నుండిన దానిని మరల చట్టముచే కల్పింపవలసివచ్చినది. పిమ్మట హైదరాబాదు రాజమార్గము మా యూళ్ళ ప్రక్కనే విశాలమైనది. ఉదయము బయలుదేరిన పిల్లలు మధ్యాహ్నమునకు పట్టణమున నుందురు. త్రోవ వచ్చునప్పుడు వస్తువులను దెచ్చును, పోవునప్పుడు మనుష్యులను గొనిపోవును. ఇందెవ్వరి దోషమును లేదు. ప్రతి మార్పును ఒక కష్టమును దీర్చినది. కష్టము తీరినకొలది పరస్పరావసరమును తీరినది. అవసరముతోబాటు రాకపోకలును తీరినవి.

తల్లిదండ్రుల పోషణకై 2007లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. దానినిబట్టి న్యాయాధికారి బిడ్డలచే నెలకు పదివేల రూపాయల వరకు ఇప్పింపవచ్చును. సొమ్ము నిప్పింపవచ్చును గాని, అరిసె యందుకొనుటకు చాచిన చేతిని ఏ న్యాయాధికారి యిప్పింపగలడు?

ఈ స్థితి మనకంటె ముందుగా ఐరోపా, అమెరికా ఖండములవారికి వచ్చినది. ఫ్రాంసుదేశీయుడగు టోక్‌విల్ అను విద్వాంసుడు అమెరికాను జూచి 1840లో వెలువరించిన గ్రంథమున దీనిని విమర్శించెను. సమానత్వము వచ్చినచోట మనిషి పూర్వుల నుండియు, పొరుగువారి నుండియు విడివడి తన హృదయములో తానొక్కడై మూసికొనబడు ప్రమాదము కలదని యాతని యాశయము. ఆతడు దీనికి మందును గూడ జూపెను. పుట్టుకవలన వచ్చిన బంధము పోయినపుడు, కోరికవలన కట్టుకొను బంధము రావలెను. అనగా మనుష్యులు తమంతట తాము సంఘములుగా జేరి పనిచేయుట నేర్చుకొనవలెనని చెప్పెను. ఫ్రాంసుననే 1897లో డర్కైము పండితుడు ఆత్మహత్యలను గూర్చి వ్రాసి, సంఘముతో ముడి సడలినచోట అవి హెచ్చునని నిరూపింప యత్నించెను.

టోక్‌విల్ చెప్పిన మందును పుస్తకములో వెదకనక్కరలేదు. మా నందిగామ తాలూకాలోని పెనుగంచిప్రోలులో బుట్టిన అక్కాతమ్ములిరువురు దానిని చేసి చూపిరి. అక్క భండారు అచ్చమాంబగారు, 1874లో జన్మించిరి. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, 1877లో జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. అక్కకు బాల్యముననే వివాహమై, భర్తతో దూరమున మధ్యపరగణాలకు బోవలసివచ్చినది. తమ్ముడును ఆమెతో నాగపురము జేరి చదువుకొనెను. తెలుగుమాట వినబడని చోట ఆమె తమ్ముని చదువు వెంట తానును చదువు నేర్చెను. ఆమెకు కలిగిన యిరువురు బిడ్డలును పసితనముననే గతించిరి. పరభాషాసీమ, బిడ్డలులేని యిల్లు. ఇంతకు మించిన ఏకాకిత్వ మేమి కలదు?

ఆమె తలుపులు మూసికొని కూర్చుండలేదు. అనాథబాలురను జేరదీసి చదువు చెప్పించిరి. ప్రసిద్ధస్త్రీల చరిత్రములను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను పేర సంపుటీకరించిరి. 1902లో బందరునందు ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో గలసి బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. తెలుగుసీమలో దిరిగి స్త్రీలు సమాజములుగా గూడుటకు ప్రోత్సాహ మిచ్చిరి. అప్పటి గృహిణికి పుట్టినిల్లు, మెట్టినిల్లు దప్ప మూడవ తావు లేదు. ఆ మూడవ తావును అచ్చమాంబగారు కల్పించిరి. 1905లో ముప్పదియొక్క యేండ్లైనను నిండకుండ ఆమె పరమపదించిరి.

తమ్ముడు మునగాల సంస్థానమున దివానైరి. హైదరాబాదునగరమున నాడు పాఠశాలలలోను, కచ్చేరీలలోను తెలుగునకు చోటు లేదు. తెలుగువారు లక్షలుండియు, తెలుగుచదువరి యొంటరి. 1901 సెప్టెంబరు 1న లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు గూడి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. పిదప 1906లో విజ్ఞానచంద్రికామండలి వెలసినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయముల తొలి మహాసభ జరిగెను. ఆ పిమ్మట పల్లెపల్లెను పఠనమందిరములు లేచినవి. అచట ఒకడు పత్రిక చదువగా పదిమంది వినెడివారు. చదువురానివానికి వార్త దొరకెను. చదువువచ్చినవానికి శ్రోతలు దొరకిరి. ఇరువురికిని ఒకరితో నొకరికి పని దొరకెను.

ఈ ‘పని’ యను మాటను మరల జ్ఞాపకము చేయుచున్నాను. పూర్వము చెరువు మనలను గూర్చినది, ఆకలి మనలను గూర్చినది. కాని కులము మనలను విడదీసినది. ఆ యక్కాతమ్ములు చూపిన త్రోవలో కూర్చునది మన సంకల్పము. విడదీయునది యేదియు నుండనక్కరలేదు. ఐతే చిక్కొకటి గలదు. అవసరము పిలువకున్నను మనుష్యులను రప్పించును. సంకల్పమో, ప్రతిదినమును మనము పిలువనిదే పలుకదు. చెరువుకట్టపై మట్టి పోసినట్లే దీనిపైనను ఏటేట మట్టి పోయుచుండవలెను. మా సీమలో ఎన్నియో పఠనమందిరములు మూతపడుటకు పుస్తకములు చినుగుట కారణము గాదు. దీపము వెలిగించు మనిషి లేకపోవుట కారణము.

సంక్రాంతి పిమ్మట నేను చేసిన పని మిక్కిలి చిన్నది. చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది గాని, మాటతో ముగించి చేతను దాచుట సరిగాదు. మా వీధివారు నలుగురము — లెక్కకును నలుగురమే — ప్రతి శనివారము సాయంకాలము ఆ మండువాయింట గూడుచున్నాము. ఒకరు భాగవతము చదువుదురు, ఒకరు ఆ దినపు వార్తలు చదువుదురు. మొదటి వారము మేము ఆమెకు ఉపకారము చేయుచున్నామని తలచితిమి. మూడవ వారమునుండి తెలిసినది, వచ్చువారిలో ఎదురుచూచువారు ఆమెయొక్కతెయే గాదని. భార్య గతించిన రిటైరైన గుమాస్తా యొకరు, పరీక్ష తప్పి యింటినుండి బయటికి రాని యువకు డొకడు మాతో గూడిరి. ఆ యువకుడే యిప్పుడు వార్తలు చదువుచున్నాడు. తాళము వేసిన గదులలో నొకదానిని ఆమె తెరపించి, చాప పరపించినది. ఆమె కుమారులు ఫోనుచేయు వేళకు మేముండిన, “ఉండండి, నలుగురూ వచ్చారు, తర్వాత మాట్లాడతాను” అని పెట్టివేయుచున్నది.

శ్రోతలారా! ధనంబోడు శిల్పి తన పేరు ప్రక్క పదిమంది పేర్లు చెక్కించెను. మీరును ఈ రాత్రి ఒక కాగితముపై మీ పేరు వ్రాసి, మీరు రాకున్న వెదకుకొనుచు వచ్చువారి పేర్లను దాని ప్రక్క వ్రాసి చూడుడు. పిమ్మట, ఎవరి కాగితములో మీ పేరుండునో యోచింపుడు. పేరుండదని తోచిన యింటి తలుపును రేపు తట్టుడు. పని యేమని యడిగినచో, పని యేమియు లేదు, ఊరకనే వచ్చితినని చెప్పుడు.